డీటీహెచ్ కంపెనీ మార్చే ముందు ఒకసారి మేడెక్కి చూడండి

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. రాత్రి ట్రాఫిక్ తగ్గాక సముద్రం హోరు వినపడేంత దూరం. ఆ సముద్రమే మా టీవీని తినేస్తోందని నాకు చాలా కాలం తెలియలేదు.

ఒక ఏడాది దసరా సెలవుల్లో మొదలైంది గొడవ. సగం ఛానెళ్ళు వస్తాయి, సగం రావు. అమ్మ సీరియల్ సరిగ్గా అత్తాకోడళ్ళు ఎదురుపడే టైముకి బొమ్మ గడులు గడులుగా విరిగిపోయి 'సిగ్నల్ లేదు' అని వస్తుంది. కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ 'బాక్స్ ఆపి మళ్ళీ ఆన్ చేయండి' అన్నారు. చిర్రెత్తి వేరే కంపెనీకి మారిపోదామని నిర్ణయించుకున్నాను, ఆఫర్ కూడా చూసుకున్నాను. ఈలోగా మా వీధిలో డిష్‌లు బిగించే కుర్రాడు ఒకతను వేరే ఇంటికి వస్తే పిలిచి మేడ మీదికి తీసుకెళ్ళాను. అతను ఎల్‌ఎన్‌బీకి, అంటే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే ఆ చిన్న ముక్కకి బిగించిన కేబుల్ కనెక్టర్‌ని ఇలా పట్టుకున్నాడో లేదో, ఊడి చేతిలోకి వచ్చేసింది. లోపల రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది, చుట్టూ తెల్లటి పొడి. "దీనికి కంపెనీ ఏం చేస్తాదండీ, ఉప్పు గాలి. ఏ కంపెనీ పెట్టినా ఇదే" అన్నాడు. రెండు అంగుళాల కేబుల్ కోసేసి కొత్త కనెక్టర్ వేశాడు, టీవీ వచ్చేసింది. అయినా రెండు నెలలకి కంపెనీ మార్చాను. దానికి కారణం వేరు, అది కింద చెబుతాను.

కాబట్టి మొదటి పని: ఎందుకు మారుతున్నారో తేల్చుకోండి. సిగ్నల్ కోసమైతే ముందు పాత బాక్స్ మెనూలో సిగ్నల్ వివరాలు చూడండి. అక్కడ స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలు ఉంటాయి. స్ట్రెంగ్త్ పడిపోతే తప్పు ఎక్కువసార్లు కేబుల్‌లోనో కనెక్టర్‌లోనో ఎల్‌ఎన్‌బీలోనో ఉంటుంది. స్ట్రెంగ్త్ బాగుండి క్వాలిటీ తక్కువుంటే డిష్ పక్కకి జరిగిందేమో చూడాలి, గాలి ఎక్కువ వీచే మన ఊళ్ళో అది మామూలే. కొన్ని ఛానెళ్ళు వచ్చి కొన్ని రాకపోవడానికి కూడా ఒక లెక్కుంది. బాక్స్ అదే కేబుల్ గుండా ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులు పంపితే ఒక రకం ఛానెళ్ళు, 18 వోల్టులు పంపితే ఇంకో రకం అందుతాయి. కనెక్టర్ తుప్పు పడితే ఆ వోల్టేజీ పైదాకా సరిగ్గా చేరదు, ఒక సగం మాయమవుతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే.

వాన పడితే ఆగిపోతుంది అన్నది మాత్రం కారణంగా పెట్టుకోకండి. మన దేశంలో డీటీహెచ్ కంపెనీలన్నీ కేయూ బ్యాండ్ అనే రకం తరంగాల్లోనే పంపుతాయి, గట్టి వానకి ఆ తరంగాలు బలహీనపడతాయి. కంపెనీ మార్చితే వాన మారదు. డిష్ గురి సరిగ్గా ఉంటే ఆగే సమయం తగ్గుతుంది, అంతే. అలాగే మార్చి రెండో వారం చుట్టుపక్కల, మళ్ళీ అక్టోబర్ మొదట్లో కొన్ని రోజులపాటు రోజుకి కొద్ది నిమిషాలు బొమ్మ పోతే కంగారు పడకండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలబడే రోజులవి.

ఇక నిజంగానే మారాల్సిన కారణం ఉందనుకుందాం. డబ్బు దగ్గర మొదలుపెడదాం, మోసపోయేది అక్కడే కాబట్టి.

2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టింది. ఛానెళ్ళు మన ఇంటిదాకా చేర్చినందుకు కంపెనీకి నెలనెలా కట్టే నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అందరూ ఎన్‌సీఎఫ్ అంటారు, అది ఒకటి. మనం ఎంచుకున్న పే ఛానెళ్ళ ధర ఇంకోటి. మొదట్లో ఎన్‌సీఎఫ్ 100 ఛానెళ్ళకి గరిష్ఠంగా 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. తర్వాత 2020లో అదే 130కి 200 ఛానెళ్ళు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ఆ గరిష్ఠ పరిమితే ఎత్తేశారు, కంపెనీలు తమ ఎన్‌సీఎఫ్ తామే పెట్టుకోవచ్చు. అందుకే 'ఎన్‌సీఎఫ్ ఎక్కడైనా ఒకటేగా' అన్న పాత లెక్క ఇప్పుడు పనికిరాదు. ఫోన్ చేసినప్పుడు ఒకే ప్రశ్న అడగండి: ఎన్‌సీఎఫ్, ప్యాక్, జీఎస్టీ అన్నీ కలిపి నెలకి నా అకౌంట్ నుంచి ఎంత కట్ అవుతుంది? యాడ్‌లో పెద్ద అక్షరాల్లో కనపడే ధర పక్కన బుల్లి నక్షత్రం గుర్తుంటే జీఎస్టీ అందులో లేనట్టే అనుకోండి.

ఛానెళ్ళ విషయానికొస్తే, మా ఇంట్లో ఒక పని చేశాం. టీవీ పక్కన చిన్న పుస్తకం పెట్టి వారం రోజులు ఎవరు ఏ ఛానెల్ చూస్తే అది రాయమన్నాం. నాన్న మొదట నవ్వారు, తర్వాత ఆయనే శ్రద్ధగా రాశారు. వారం తర్వాత చూస్తే మొత్తం పదకొండు ఛానెళ్ళు. మేం డబ్బు కడుతున్న ప్యాక్‌లో వందకి పైగా ఉన్నాయి, అందులో ఏ భాషో కూడా గుర్తుపట్టలేనివి కొన్ని! తెలుగు వార్తా ఛానెళ్ళలో చాలావరకు ఉచితమే, దూరదర్శన్ ఎలాగూ వస్తుంది. నిజంగా డబ్బు పడేది స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈటీవీ లాంటి వినోదం ఛానెళ్ళకి, సినిమా ఛానెళ్ళకి, క్రికెట్‌కి. 19 రూపాయలు దాటిన ఛానెల్‌ని ప్యాక్‌లో కలపకూడదని నిబంధన ఉంది, అందుకే చాలా ఛానెళ్ళు సరిగ్గా ఆ 19 దగ్గర ఆగిపోయి కనిపిస్తాయి. జీఎస్టీతో అది 22 రూపాయల 42 పైసలు. మూడు నాలుగు ఛానెళ్ళు చాలనుకుంటే విడివిడిగా తీసుకోండి. అదే గ్రూపు ఛానెళ్ళు నాలుగైదు చూస్తుంటే ఆ గ్రూపు ప్యాకే చవక పడుతుంది. ఎంఆర్‌పీలు చూడాలంటే మీ బాక్స్‌లోనే 999 నంబరు నొక్కండి, చాలామందికి ఈ సంగతే తెలియదు. హెచ్‌డీ ఛానెల్ ధర వేరు, ఎస్‌డీ వేరు. 32 అంగుళాల టీవీలో పది అడుగుల దూరం నుంచి వార్తలు చూడ్డానికి హెచ్‌డీ దండగ అని నా అభిప్రాయం, క్రికెట్‌కి మాత్రం కావాలి.

ఇప్పుడు అసలు లెక్క. మొబైల్ నంబరులా బాక్స్‌ని పట్టుకుని ఇంకో కంపెనీకి పోలేం. ఏ కంపెనీ బాక్స్‌లోనైనా ఏ కంపెనీ ప్రసారాలైనా వచ్చేలా చేయాలని ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది గానీ మన ఇళ్ళదాకా అది రాలేదు. కాబట్టి మారడమంటే కొత్త బాక్స్. ఉదాహరణకి పాత కంపెనీకి నెలకి 350 కడుతున్నారు, కొత్తవాళ్ళు 300 అన్నారు, బాక్స్ బిగింపుతో కలిపి 1500 అన్నారనుకోండి. నెలకి 50 మిగులుతుంది, 1500 తిరిగి రావడానికి 30 నెలలు పడుతుంది. రెండున్నరేళ్ళు! ఈలోపు ఆఫర్ అయిపోయి వాళ్ళూ 350 చేస్తే మీకు మిగిలింది శ్రమే. నెలకి వంద రూపాయలైనా తేడా ఉంటేనో, కావాల్సిన ఛానెల్ పాతదాంట్లో అసలు లేకపోతేనో తప్ప డబ్బు కోసం మారడం నాకు వృథా అనిపిస్తుంది. నేను మారింది రెండో టీవీ వల్ల. నాన్న గదిలో ఇంకో టీవీ పెట్టాం, పాత కంపెనీ దానికి దాదాపు పూర్తి ధర అడిగింది, ఇంకొకరు బాగా తక్కువకి ఇచ్చారు. రెండో టీవీ ఉన్న ఇళ్ళవాళ్ళు అన్నిటికంటే ముందు ఈ ఒక్క ధరే కనుక్కోండి. డిష్ ఒకటే అయినా ఎల్‌ఎన్‌బీకి రెండు అవుట్‌పుట్‌లు ఉండాలి, రెండో కేబుల్ వేరుగా కిందికి దింపాలి, ఆ ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే అడిగేయండి.

ఇంకో ప్రశ్న: బాక్స్ మనదా, కంపెనీదా? కొన్ని ప్లాన్‌లలో అది వాడుకోవడానికి ఇచ్చిందే, మానేస్తే తిరిగి ఇవ్వాలి. వారంటీ ఎన్నాళ్ళు, ఏడాది దాటాక మెకానిక్ వస్తే ఎంత తీసుకుంటారు, ఇవి ఫోన్‌లో విని ఊరుకోకుండా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి.

ఇక డిష్ ఎటు తిరగాలి అన్నది. దీని గురించి ఎవరూ ముందు అడగరు, బిగించడానికి వచ్చినప్పుడు 'ఇక్కడ అవ్వదండీ, అడ్డం ఉంది' అంటారు. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి. మన విశాఖ ఉన్నది 83.3 దగ్గర. అంటే మనకి ఆ డిష్ దాదాపు నేరుగా దక్షిణం చూస్తుంది, ఆకాశంలో బాగా ఎత్తుకి, సుమారు 69 డిగ్రీలు. ఎయిర్‌టెల్‌ది 108 డిగ్రీల దగ్గర కాబట్టి ఆగ్నేయానికి, అంటే మన ఊళ్ళో సముద్రం వైపుకి తిరగాలి, ఎత్తు 55 డిగ్రీలే. డీటూహెచ్ 88, డీడీ ఫ్రీ డిష్ 93.5, డిష్ టీవీ 95 ఈ రెండిటి మధ్య వస్తాయి. దీన్నిబట్టి ఏం చూసుకోవాలంటే, మీ డిష్‌కి ఆగ్నేయంగా పది మీటర్ల దూరంలో ఉన్న అపార్ట్‌మెంట్ డిష్ కంటే 14 మీటర్లు, అంటే నాలుగంతస్తులకు పైగా లేచి ఉంటే 108 డిగ్రీల ఉపగ్రహానికి అడ్డం వస్తుంది. ఎంవీపీ కాలనీ, మధురవాడ వైపు పక్కపక్కనే కొత్త భవనాలు లేస్తున్న చోట ఇది నిజంగా జరిగేదే.

దక్షిణం కనుక్కోవడానికి దిక్సూచి కూడా అక్కర్లేదు. మన గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర్లోంచి పోతుంది, అందుకే చలికాలంలో మధ్యాహ్నం 12 ప్రాంతంలో మేడ మీద నిలబడితే మన నీడ దాదాపు ఉత్తరానికి పడుతుంది, నీడ వైపు తిరిగితే వీపు వెనక దక్షిణం. డిష్ పెట్టాలనుకున్న చోట ఆ సమయంలో ఎండ పడుతూ, పైన సన్‌షేడో కొబ్బరాకో అడ్డం లేకపోతే నేరుగా దక్షిణం చూసే డిష్‌కి ఢోకా లేదు. మే నుంచి జులై దాకా మాత్రం ఈ పద్ధతి వద్దు, సూర్యుడు నడినెత్తినే ఉంటాడు. అపార్ట్‌మెంట్ అయితే మేడ తాళం ఎవరి దగ్గరుందో, అసోసియేషన్ ఒప్పుకుంటుందో కూడా ముందే కనుక్కోండి.

బిగించే రోజు మీరు కూడా మేడెక్కండి, ఎండగా ఉందని కింద కూర్చోకండి. స్టాండ్ గోడకి స్క్రూలతో కాకుండా యాంకర్ బోల్టులతో పట్టించమనండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు. కేబుల్ ఆర్‌జీ-6 రకం, మధ్యలో అతుకు లేకుండా ఒకటే ముక్క. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి వదలమనండి, వాన నీళ్ళు కనెక్టర్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కనెక్టర్ బిగించాక దాని మీద కొంచెం వాజలిన్ రాసి ఇన్సులేషన్ టేప్ గట్టిగా చుట్టించండి. అతను 'అవసరం లేదండీ' అంటాడు. అవసరమే. వెళ్ళే ముందు సిగ్నల్ పేజీ తెరిచి రెండు గీతల అంకెలూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ఆరు నెలల తర్వాత గొడవైతే అదే మీకు ఆధారం.

పాత కనెక్షన్‌ని ఆ రోజే ఆపకండి, నాలుగు రోజులు రెండూ ఉండనివ్వండి. అలాగని దాంట్లో పెద్ద మొత్తం ఉంచుకోవద్దు. నేను చేసిన తప్పు ఇదే. మారతానని అనుకోకముందు ఆరు నెలలకి ఒకేసారి రీఛార్జ్ చేసేశాను, మారాక మిగిలిన బ్యాలెన్స్ కోసం తిరిగి తిరిగి చివరికి విసుగొచ్చి వదిలేశాను. మారే ఆలోచన ఉంటే నెలనెలా మాత్రమే వేసుకుంటూ పోండి, బ్యాలెన్స్ అడుగంటడానికి నాలుగు రోజుల ముందు కొత్తది పెట్టించుకోండి. ఫిర్యాదు ఉంటే ముందు కస్టమర్ కేర్, తర్వాత కంపెనీ నోడల్ ఆఫీసర్, అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫిర్యాదు నంబరు ప్రతిసారీ రాసుకోండి.

నెలనెలా కట్టడమే వద్దనుకునేవాళ్ళకి డీడీ ఫ్రీ డిష్ ఉంది, ఒకసారి బాక్స్, డిష్ కొంటే చాలు. అయితే తెలుగు సీరియళ్ళ కోసం దాన్ని పెట్టించి అమ్మ చేత తిట్లు తినకండి, మన వినోదం ఛానెళ్ళ ఎంపిక అందులో తక్కువ. ఇంట్లో ఇప్పటికే మంచి బ్రాడ్‌బ్యాండ్ ఉండి, పెద్దవాళ్ళు యాప్‌లకి అలవాటు పడగలిగితే అసలు డిష్ అవసరమా అని కూడా ఆలోచించుకోండి. మా ఇంట్లో అది కుదరలేదు. నాన్నకి రిమోట్‌లో నంబరు నొక్కితే ఛానెల్ రావాలి, అంతే.

కొత్త డిష్ పెట్టి ఏడాదిన్నర దాటింది. మొన్న దీపావళి ముందు మేడెక్కి టేప్ విప్పి చూశాను, కనెక్టర్ ఇంకా మెరుస్తూనే ఉంది. స్టాండ్ బోల్టులకి మాత్రం అప్పుడే తుప్పు మొదలైంది, ఈ ఆదివారం పెయింట్ వేయాలి.