బెదిరే పాముకు మన చేయి అలవాటు చేయడం

మా చిట్టి బాల్ పైథాన్. పశ్చిమ ఆఫ్రికా జాతి, కొండచిలువల్లో చిన్నది, విషం ఉండదు. డాలస్‌లో మా ఇంటికి వచ్చేనాటికి దానికి రెండేళ్లు, మూడడుగుల పొడవు. అంతకుముందు పెంచినవాళ్లు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ దాన్ని బయటికి తీసి చూపించేవాళ్లట. మా దగ్గర మూత తీస్తే చాలు, బంతిలా చుట్టుకుని తల మధ్యలో దాచేసుకునేది. రెండుసార్లు మా అబ్బాయి చేతి మీదికి దూకింది. వాడు భయపడి వెనక్కి తగ్గాడు, దాంతో ఆ పని నా మీద పడింది. చిట్టి నా చేతికి అలవాటు పడడానికి నాలుగు నెలలు పట్టింది.

మొదటి రెండు వారాలు నేను దాన్ని ముట్టుకోలేదు. నీళ్లు మార్చడం, పెంట తీయడం, అంతే. కొత్త పాము వరుసగా రెండు మూడుసార్లు తిండి తిన్నాకే చేయి పెట్టాలి. తినడం లేదంటే ఇంకా టెన్షన్‌లోనే ఉందనుకోండి. ఈలోపు దాని ఇల్లు సరిచూడండి. తొట్టెలో ఒక పక్క 88 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, రెండో పక్క 78 దాకా, తేమ 60 శాతం ఉండాలి. దాక్కోవడానికి రెండు పక్కలా ఒక్కో గూడు పెట్టాలి. ఆ గూడు ఇరుకుగా, పాము ఒళ్లు చుట్టూ గోడలకు తగిలేలా ఉండాలి. చిట్టితో పాటు వచ్చిన గూడు చాలా పెద్దది. అది తీసేసి చిన్నది పెట్టిన వారానికే బుస కొట్టడం తగ్గింది. నేను రోజంతా వేసుకున్న పాత టీషర్టు ముక్క ఒకటి లోపల పెట్టాను, నా వాసన తెలియడానికి.

ఎత్తుకోవడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. ఈ పాముల పై పెదవి వెంట చిన్న చిన్న గుంటలుంటాయి, వాటితో వేడిని పసిగడతాయి. మూత తెరుచుకోగానే వెచ్చటిదేదో ముఖం ముందుకు వస్తే ఎలుక అనుకోవచ్చు. పైనుంచి చేయి దిగితే తన్నుకుపోవడానికి గద్ద వచ్చిందనుకోవచ్చు. అందుకని ముందు కిచెన్ పేపర్ చుట్టే అట్ట గొట్టంతో నడుము దగ్గర మెల్లగా రెండుసార్లు తాకుతాను. ఇది తిండి వేళ కాదని దానికి తెలిసిపోతుంది. తర్వాత పక్కనుంచి, నడుము కిందికి చేయి పోనిచ్చి, తటపటాయించకుండా ఎత్తుతాను. రెండో చేయి తోక వైపు ఆసరా. తల, మెడ పట్టుకోవద్దు.

మొదట్లో ఐదు నిమిషాలే, వారానికి రెండు మూడుసార్లు, సోఫాలో కూర్చుని. ఆ తొలి రోజుల్లో దాని పక్కటెముకలు నా అరచేతిలో గబగబా ఎగిసిపడేవి. మెడ మెలి తిప్పి వెనక్కి లాగిందంటే దూకబోతోందని అర్థం. అప్పుడు నేను కదలను, చేతులు అలాగే ఉంచుతాను. నాలుక నింపాదిగా చాపుతూ చుట్టూ వాసన చూస్తుంటే కుదుటపడినట్టే. కొంచెం స్థిమితపడ్డాకే లోపల పెట్టండి. బుస కొట్టగానే దింపేస్తే, బుస కొడితే పని జరుగుతుందని నేర్చుకుంటుంది.

తిన్నాక 48 గంటలు ముట్టుకోకూడదు. మా అబ్బాయి ఒకసారి మర్నాడే బయటికి తీశాడు, ఎలుకను మొత్తం కక్కేసింది. మళ్లీ తిండి పెట్టడానికి రెండు వారాలు ఆగాం. కుబుసం విడిచే ముందు కళ్లు పాలు కలిపినట్టు నీలంగా మసకబారతాయి, సరిగా కనిపించదు. ఆ రోజుల్లోనూ వదిలేయండి.

ఎత్తుకునే ముందు చేతులు కడుక్కోవాలి, ఎలుక వాసన ఉండకూడదు. దింపాక మళ్లీ కడగాలి, సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం ఉంది. ఐదేళ్లలోపు పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు. ఒకవేళ కరిచి పట్టుకుంటే లాగకండి, పళ్లు లోపలికి వంగి ఉంటాయి. చన్నీళ్ల ధార కింద పెడితే వదిలేస్తుంది. తర్వాత సబ్బుతో కడగండి.

ఇదంతా ఇలా పెంపుడు జాతిగా దొరికే పాముల మాట. ఇండియాలో మన ఊళ్లలో కనిపించే పాముల జోలికి పోవద్దు. అక్కడి పాములను పెంచడాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి కాట్లు ప్రాణం తీస్తాయి.

ఒంగోలులో మా అమ్మ ఏటా నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తుంది. మొన్న వీడియో కాల్‌లో చిట్టిని చూపిస్తే, "అమ్మాయ్, కాస్త దూరంగా పెట్టవే" అంది. అప్పటికి చిట్టి నా గాజుల కిందుగా దూరి, చీర కొంగు మడతలో తల పెట్టి నాలుక ఆడిస్తోంది. అమ్మ ఫోన్ పెట్టేయలేదు. ఇరవై నిమిషాలు చూసింది.