చదివింది రాయడం – ఆరో పాఠం: ముగింపు నచ్చీ నచ్చనప్పుడు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. పెద్ద సిరీస్ ఏదైనా తీసుకుని, దాని మొదటి భాగం మీకు ఏమేం మాటిచ్చిందో నోటుబుక్కు ఎడమ పేజీలో రాయమన్నాను. కుడి పేజీ ఖాళీగా వదలమన్నాను. ఇవాళ ఆ కుడి పేజీ నింపుదాం.

ఈ పాఠానికి ఉదాహరణ రాబర్ట్ జోర్డన్ రాసిన ఫాంటసీ నవలల సిరీస్ 'ద వీల్ ఆఫ్ టైమ్'. 1990లో మొదలై 2013 జనవరిలో ముగిసింది. పద్నాలుగు భాగాలు, అవి కాక ముందుకథ ఒకటి. అంతా కలిపితే నలభై లక్షల మాటలు దాటుతుంది. జోర్డన్ 2007లో పోయాడు. ఆయన భార్య, ఎడిటర్ కూడా అయిన హారియట్ మెక్‌డూగల్, మిగిలిన కథను ఇంకో ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ చేతిలో పెట్టింది. ఒక్క పుస్తకం అనుకున్నది మూడయింది. ఆ ముగింపు మీద పాఠకులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు కాబట్టే మనకు పనికొస్తుంది. ఇంకా మధ్యలో ఉన్నవాళ్లు ఈ పాఠం దాచుకుని తర్వాత చదువుకోండి. ముగింపు బయటపెట్టకుండా ముగింపు మీద పాఠం చెప్పడం నాకు చేతకాదు.

మీరు పంపిన నోట్సులో ఎక్కువ వాటికి ఒకటే జబ్బు. 'బాగుంది, కానీ ఏదో వెలితి' అని రాసి పెన్ను మూసేశారు. ఆ 'ఏదో' దగ్గర ఆగిపోతే చదివేవాడికి ఏమీ అందదు, రాసినవాడికి అంతకన్నా తక్కువ అందుతుంది. నచ్చీ నచ్చలేదు అంటున్నామంటే సగం నచ్చిందని కాదు. ఒకటి బాగా నచ్చింది, ఇంకొకటి అస్సలు నచ్చలేదు, రెండూ ఒక్క వాక్యంలో ఇరుక్కుపోయాయి. వాటిని విడదీసి, దేని మీద ఏ తీర్పు ఇస్తున్నామో చూసుకోవడమే ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని.

ఉప్పల్ నుంచి ఒకమ్మాయి రాసిన మూడు వాక్యాలు ఆమె అనుమతితో ఇక్కడ పెడుతున్నాను.

'చివరి యుద్ధం అదిరిపోయింది. కానీ రచయిత చివర్లో తొందరపడ్డాడు. ఇన్ని పుస్తకాలు చదివాక మనసు నిండాలి కదా, నిండలేదు.'

మొదటి వాక్యంతో పేచీ లేదు. రెండోదానికి వద్దాం. చివరి భాగం తొమ్మిది వందల పేజీల పుస్తకం. అందులో యుద్ధం అధ్యాయం ఒక్కటే రెండొందల పేజీలకు దగ్గర. ఇంత తీరిగ్గా రాసినవాణ్ని తొందరపడ్డాడు అనాలంటే ఎక్కడో చూపించాలి. ఫోన్లో అడిగాను.

"ఎక్కడ తొందరపడ్డాడమ్మా?"

"ఫెయిన్ దగ్గర సార్."

ఇంక మాట్లాడటానికి లేదు. పాడన్ ఫెయిన్ మొదటి పుస్తకంలో ఊళ్లోకి సరుకుల బండి తోలుకొచ్చే వ్యాపారి. అక్కణ్నుంచి ఎన్నో భాగాల్లో పీడలా తగులుకుని, పెరిగి పెరిగి, ఏదో ఘోరం చేస్తాడని మనల్ని ఎదురుచూసేలా చేసినవాడు. చివర్లో ప్రత్యక్షమై కాసేపట్లోనే, కథానాయకుడు రాండ్ స్నేహితుడైన మాట్ చేతిలో పోతాడు. అంటే ఫిర్యాదు న్యాయమైనదే, చాలా చిన్నది కూడా. 'రచయిత తొందరపడ్డాడు' అని ముగింపు మొత్తానికి పూసేస్తే అబద్ధం. 'మొదటి పుస్తకం నుంచి పెంచుకొచ్చిన ఫెయిన్‌ను చివర్లో విదిలించేశాడు' అంటే ఎవరూ కాదనలేరు. ఫిర్యాదుకు పేరు, చోటు ఉండాలి. అవి లేకపోతే అది ఫిర్యాదు కాదు, విసుగు.

మూడో వాక్యం అసలు చిక్కు. మనసు ఎందుకు నిండలేదో చెప్పడానికి ఆ అమ్మాయికి రెండు రోజులు పట్టిందట. చివరికి రాసి పంపింది: 'రాండ్ బతికే ఉన్నాడు. అందరూ చనిపోయాడనుకుని చితి పేరుస్తారు. పెంచిన తండ్రి టామ్ అక్కడే ఉంటాడు. వీడు చెప్పకుండా గుర్రం ఎక్కి వెళ్లిపోతాడు. నాకది మింగుడుపడలేదు.'

మన ఇళ్లల్లో పెరిగిన ఎవరికీ అది మింగుడుపడదు. కొడుకు చితి దగ్గర తండ్రిని నిలబెట్టడం మనకు మామూలు విషయం కాదు. బతికున్న కొడుకు దూరం నుంచి చూస్తూ నోరు విప్పకపోవడం ఇంకా పెద్దది. అయితే ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి. ఈ కోపం పుస్తకం మీదా, రాండ్ మీదా? ఎడమ పేజీ తీయండి. గొర్రెలు కాసుకునే కుర్రాడు, లోకం కోసం నువ్వు చచ్చిపోవాలి అని అందరూ చెప్పే కుర్రాడు, ఒక్క రోజు కూడా తన ఇష్టం వచ్చినట్టు బతకనివాడు. అలాంటివాడు బంధాలన్నీ తెంచుకుని ఎవరికీ తెలియని దారిన పోతాడంటే అల్లికలో లోపం లేదు. పాత్ర చేసిన పని మనకు నచ్చలేదు, అంతే. ఇలాంటి చోట 'ముగింపు చెడగొట్టాడు' అని రాయకూడదు. 'రాండ్‌ను నేను క్షమించలేదు' అని రాయాలి. నా మటుకు నేను కూడా క్షమించలేదు. అయినా ఆ దృశ్యం ఉండాల్సిందే అంటాను.

ఇప్పుడు కుడి పేజీలో ఏం రాయాలో చూద్దాం. ఎడమ పేజీలో ఒక్కో మాటకు ఎదురుగా అది తీరిందా, తీరలేదా, తీరలేదని పుస్తకమే చెప్పి వదిలేసిందా అని రాయండి. మూడోది చాలామంది మర్చిపోతారు. ఈ సిరీస్‌లో ప్రతి భాగం మొదటి అధ్యాయమూ ఎక్కడో ఒక గాలి లేవడంతో మొదలవుతుంది. కాలచక్రానికి మొదలూ తుదీ లేవనీ, ఈ గాలి కేవలం ఒక మొదలనీ ప్రతిసారీ చెబుతాడు. మొదటి పేజీలోనే అంత తేటగా చెప్పినవాణ్ని, తర్వాత ఎవరు ఎవర్ని పెళ్లాడారు, ఏ రాజ్యం ఏమైంది అని అడిగితే ఆ మాట ఆయన మనకు ఎప్పుడూ ఇవ్వలేదు. అది మనకు మనమే ఇచ్చుకున్న మాట. చివర్లో రాండ్ తలుచుకోగానే చుట్ట గొట్టం అంటుకుంటుంది, ఎలాగో చెప్పడు. అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

తీరని మాటా ఉంది. సముద్రం అవతలి నుంచి వచ్చిన సియాన్‌చాన్ మనుషులు మంత్రశక్తి ఉన్న ఆడవాళ్ల మెడలకు పట్టాలు వేసి బానిసలుగా వాడుకుంటారు. రెండో పుస్తకంలో రాండ్ ఊరి అమ్మాయి ఎగ్వేన్ మెడకు ఆ పట్టా పడ్డ అధ్యాయాలు చదివినవాళ్లు ఈ దుర్మార్గం ఎప్పటికైనా కూలుతుందని నమ్ముతారు, నమ్మించింది పుస్తకమే. పద్నాలుగో భాగం అట్ట మూసేసరికి ఆ పట్టాలు అలాగే ఉన్నాయి. దీనికి వెనక కారణం ఉంది. మాట్, అతని భార్య ట్యువాన్ కథను సియాన్‌చాన్ నేలలో వేరే పుస్తకాలుగా రాయాలని జోర్డన్ అనుకున్నాడు. ఆయనే లేకుండాపోయాడు, ఆ పుస్తకాలు రాలేదు. కారణం తెలిస్తే రచయిత మీద కోపం తగ్గుతుంది. అప్పు మాత్రం అప్పుగానే ఉంటుంది. రెండూ రాయండి.

వేరే చెయ్యి పడ్డ ముగింపు గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ మీలో చాలామంది ఆధారం లేకుండా తీర్పులిచ్చారు. 'జోర్డన్ బతికుంటే ఇలా ముగించేవాడు కాదు' అని ఒకరు రాశారు. అలా రాసినాయనకు నచ్చనిది రాండ్ వెళ్లిపోవడం. ఆ చివరి దృశ్యం జోర్డన్ పోకముందు తానే రాసిపెట్టుకున్నది. చివరి దృశ్యం ఏమిటో మొదటినుంచీ తనకు తెలుసని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. అంటే శాండర్సన్ మీద వేసిన నింద జోర్డన్‌కు తగులుతోంది. మరోవైపు, పన్నెండో భాగంలో మాట్ హాస్యం గొంతు మారిందని పాఠకులు పట్టుకున్నారు. అది శాండర్సన్ చెయ్యే, మొదట్లో మాట్‌ను సరిగా పట్టుకోలేకపోయానని ఆయనే ఒప్పుకున్నాడు. ఎవరి వాక్యమో తెలుసుకున్నాకే ఎవర్నైనా అనండి.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయాడు. తిక్కన పదమూడో శతాబ్దంలో ఆ మిగిలిన ముక్క ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూడ్చాడు. ఆ అతుకు ఒక్కసారి దగ్గరగా చూడండి. నన్నయ చివరి పద్యం 'శారదరాత్రులు' అని మొదలవుతుంది. చుక్కలు, వెన్నెల, శరత్కాలపు రాత్రి. ఎర్రన మొదటి పద్యం 'స్ఫురదరుణాంశు' అని మొదలవుతుంది. అదే శరత్కాలం, కానీ తెల్లవారింది. రాత్రి ఆగిన చోట పొద్దున లేపాడు, రుతువు మార్చలేదు. పైగా తన పేరు మీద కాకుండా, నన్నయే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. తిక్కన అలా చేయలేదు. నెల్లూరులో కూర్చుని తన గొంతుతో తన భారతం రాసుకున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు. వేరే చెయ్యి పడితే ముగింపు పాడవుతుందనే సూత్రం మన సాహిత్యం చదివినవాళ్లు ఎలా నమ్ముతారో నాకు అర్థం కాదు. అడగాల్సింది ఇంకోటుంది: రెండో మనిషి ఎర్రనలా దాక్కోవాలనుకున్నాడా, తిక్కనలా తనలాగే రాయాలనుకున్నాడా? శాండర్సన్ జోర్డన్ గొంతును అనుకరించనని ముందే చెప్పి తన పద్ధతిలో రాశాడు. కాబట్టి గొంతు మారిందన్నది ఒక్కటే ఫిర్యాదైతే అది బలమైన ఫిర్యాదు కాదు. మాట్ విషయంలో మారింది గొంతు ఒక్కటే కాదు, మనిషే మారాడు, అది బలమైనది.

అన్నట్టు, భారతం ముగింపు దాని నాయకుడికే నచ్చలేదు. స్వర్గంలో అడుగుపెట్టిన ధర్మరాజుకు ఎదురుగా దుర్యోధనుడు వైభవంగా కొలువై కనిపిస్తాడు. మండిపడి, ఇక్కడ ఉండనంటాడు. నచ్చీ నచ్చని ముగింపులకు మన దగ్గర అంతకంటే పాత ఉదాహరణ ఉంటే చెప్పండి.

ఇంకో సంగతి తొందరగా చెప్పేస్తాను. మీరు ఆ సిరీస్ ఎలా చదివారో ఒక్క వాక్యం రాయండి. ఏళ్లకేళ్లు ఒక్కో భాగం కోసం ఎదురుచూసి, ఇంజినీరింగ్‌లో మొదలుపెట్టి పిల్లల్ని స్కూల్లో వేసే వయసుకు ముగించినవాడి బాధ వేరు. కిండిల్‌లో ఎండాకాలం సెలవుల్లో చదివేసినవాడి బాధ వేరు. మొదటివాడు పుస్తకంతో పాటు తన వయసుకూ వీడ్కోలు చెబుతున్నాడు. ఆ దిగులును ముగింపు ఖాతాలో వేయకూడదు.

ఎవరు తీర్పు చెబుతున్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేసేవాళ్లకు తెలుసు, పెద్ద సిరీస్‌ల మొదటి రెండు భాగాలు గుట్టల్లో దొరుకుతాయి, చివరివి కనబడవు. ఒకసారి అక్కడ ఒకమ్మాయి అడుగుతుంటే విన్నాను.

"అన్నా, దీని ఆఖరుది ఉందా?"

"మొదటియి మస్తొస్తయి మేడం. ఆఖరుది ఎవ్వలు అమ్మరు."

అమ్మకపోవడమే కాదు, అక్కడిదాకా వెళ్లనివాళ్లే ఎక్కువేమో. చివరి భాగం మీద మాట్లాడేవాళ్లంతా పదమూడు భాగాలు భరించి వచ్చినవాళ్లే, అందులో పదో భాగంలాంటి నత్తనడక పుస్తకం కూడా ఉంది. వాళ్ల ఫిర్యాదు ఇష్టమున్నవాళ్ల ఫిర్యాదు. చదివేటప్పుడు ఆ గొంతు వినండి, రాసేటప్పుడు దాన్ని దాచకండి.

ఇక ఇంటిపని. మీరు చివరిదాకా చదివిన సిరీస్ తీసుకుని కుడి పేజీ పూర్తి చేయండి. ఆ తర్వాత, ముగింపు గురించి మీరు మొదట రాసిన వాక్యంలో 'కానీ' ఎక్కడుందో చూడండి. దానికి ముందున్నది ఒక వాక్యంగా, వెనకున్నది ఇంకో వాక్యంగా విడగొట్టండి. వెనకున్న వాక్యంలో ఒక మనిషి పేరో, ఒక చోటో తప్పక ఉండాలి. 'ఏదో', 'ఎందుకో', 'అలా' అన్న మాటలు వాడకూడదు. ఉప్పల్ అమ్మాయి తిరగరాసింది ఇదీ: 'చివరి యుద్ధం అదిరిపోయింది. ఫెయిన్‌ను మాత్రం విదిలించేశారు. టామ్‌కు చెప్పకుండా వెళ్లిన రాండ్ మీద నాకు ఇంకా కోపమే, అయినా వాడు అలాగే వెళ్తాడని నాకు ముందే తెలుసు.' మూడు వాక్యాలే, మొదటిసారి రాసినదాని కంటే పెద్దగా పెరగలేదు.

పూర్తిగా చదివిన సిరీస్ ఏదీ లేనివాళ్లకు వేరే పని. అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి టీటీడీ వేసిన కవిత్రయ భారతంలో అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం అడగండి. చిక్కడపల్లి లైబ్రరీకి కూడా వెళ్లొచ్చు, గ్రూప్స్‌కి చదివే పిల్లల మధ్య కుర్చీ దొరికితే. నన్నయ చివరి అయిదు పద్యాలు, ఎర్రన మొదటి అయిదు పద్యాలు తాత్పర్యంతో సహా చదివి, చెయ్యి మారిందని మీకు ఎక్కడ తెలిసిందో, అసలు తెలిసిందో లేదో అరపేజీ రాయండి. ఏడో పాఠంలో, చదవడం మధ్యలో మానేసిన పుస్తకం గురించి రాయడం ఎలాగో చూద్దాం.