చిన్న ఆర్‌సీ క్రాలర్ బండ ఎక్కాలంటే ముందు బరువు కిందికి దించండి

యాక్సియల్ ఎస్‌సీఎక్స్24 లాంటి 1/24 సైజు క్రాలర్ (అసలు బండిలో 24వ వంతు ఉండే, రిమోట్‌తో నడిపే, రాళ్లు ఎక్కే బొమ్మ బండి) కొన్నవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఏ మోటార్ వేస్తే బాగా ఎక్కుతుందని. మోటార్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసులు రెండింట్లోనూ డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లాక్ అయ్యే వస్తుంది, నాలుగు చక్రాలూ ఒకేసారి తిరుగుతాయి, గేరింగ్ కూడా బాగా తక్కువ స్పీడుకు పెట్టిందే కాబట్టి బలానికి కొదవ లేదు. బండ మీద వెనక్కి పల్టీ కొడుతోందన్నా, పక్కకు దొర్లుతోందన్నా కారణం దాదాపు ఎప్పుడూ బరువు పైన ఉండటమే. అందుకే నేను చెప్పే వరుస ఇది: ముందు బరువు, తర్వాత టైర్లు, ఆ తర్వాత సస్పెన్షన్, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న యూనిట్). మోటార్ చివర్లో, అదీ అవసరమైతేనే. ఎఫ్‌ఎంఎస్ ఎఫ్‌సీఎక్స్24కైనా, కాస్త పెద్దదైన 1/18 సైజు ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4ఎంకైనా ఇదే వరుస. పార్టులు మాత్రం ఒకదానివి ఇంకోదానికి పట్టవు, ఆర్డర్ పెట్టేముందు మోడల్ పేరు రెండుసార్లు చూసుకోండి.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు రెండు కొలతలు తీసుకోవాలి. ఒకటి, ముందు ఇరుసు మీద ఎంత బరువుంది, వెనక ఎంత ఉంది అన్నది. వంటింట్లో వాడే డిజిటల్ కాటా చాలు. ముందు చక్రాలు రెండూ కాటా మీద, వెనక చక్రాలు అంతే ఎత్తున్న పుస్తకాల మీద పెట్టి రాసుకోండి, తర్వాత తిప్పి పెట్టి వెనకది రాసుకోండి. బ్యాటరీ, బాడీ రెండూ బండి మీదే ఉండాలి, లేకపోతే ఆ లెక్కకు అర్థం లేదు. ముందు 60, వెనక 40 శాతం దగ్గరికి రావాలన్నది మన టార్గెట్.

రెండోది వాలు కొలత. ఒక చెక్క పలక మీద బండిని అడ్డంగా పెట్టి, కింది వైపు చక్రాలు జారకుండా వాటి పక్కన ఒక సన్నని పుల్లను టేపుతో అంటించి, ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి అదే పలక మీద ఉంచి, ఒక అంచు మెల్లగా పైకి ఎత్తుతూ పోండి. మొదట బాడీ ఒక పక్కకు వాలుతుంది, కింది వైపు స్ప్రింగులు నొక్కుకుపోతాయి, ఇంకాస్త ఎత్తితే పై వైపు చక్రం ఒకటి పలకను వదిలి గాల్లోకి లేస్తుంది, రెండోది కూడా లేవగానే యాప్‌లో డిగ్రీలు చూసి రాసుకోండి, రెండో చేయి బండి పక్కనే ఉంచండి. ఇకమీద మీరు మార్చే ప్రతిదానికీ ఈ అంకే సాక్షి.

బరువు ఎక్కడుందన్నది ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కతో చెబుతాను. ఇరుసుల మధ్య 140 ఎం.ఎం. ఉన్న బండి, దాని బరువు కేంద్రం సరిగ్గా మధ్యలో, నేల నుంచి 50 ఎం.ఎం. ఎత్తులో ఉందనుకోండి. 45 డిగ్రీల బండ ఎక్కేటప్పుడు ఆ బరువు 50 ఎం.ఎం. వెనక్కి జరిగినట్టే, అంటే వెనక ఇరుసుకు 20 ఎం.ఎం. దూరంలోకి వచ్చేస్తుంది, ముందు చక్రాల మీద మిగిలేది 14 శాతమే, చిన్న గతుకు తగిలినా ముందు భాగం లేచిపోతుంది. అదే బండికి ముందు 60 శాతం బరువు ఉండేలా చేసి, కేంద్రాన్ని 40 ఎం.ఎం.కి దించితే అదే బండ మీద ముందు చక్రాలకు 31 శాతం దక్కుతుంది. పక్కకు దొర్లడం కూడా ఇంతే: ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి 100 ఎం.ఎం. ఉంటే, కేంద్రం 50 ఎం.ఎం. ఎత్తులో ఉన్నప్పుడు లెక్క ప్రకారం 45 డిగ్రీల దగ్గర దొర్లుతుంది, 40కి దించితే 51 దాకా ఆగుతుంది. సస్పెన్షన్ వాలుతుంది కాబట్టి పలక మీద అంకె కొంచెం తక్కువే వస్తుంది, కంగారు పడకండి.

కిందికి దించడమంటే అందరూ ఇత్తడి పార్టులు కొనడమే అనుకుంటారు, నిజానికి ఖర్చు లేని పని పైన తీసేయడం. రూఫ్ ర్యాక్, దాని మీద పెట్టిన స్టెప్నీ, జెర్రీ క్యాన్లు ఫోటోకి బాగుంటాయి, బండ మీద అవే పడగొడతాయి. గట్టి ప్లాస్టిక్ బాడీ బదులు పల్చటి లెక్సాన్ (పాలికార్బనేట్ షీటు) బాడీ దొరికితే ఇంకా మంచిది. బ్యాటరీని చాసిస్‌లో వీలైనంత ముందుకు, వీలైనంత కిందికి జరపండి, వైరు స్టీరింగ్ లింకుకో డ్రైవ్ షాఫ్ట్‌కో తగలకుండా చూసుకుంటే చాలు.

తర్వాత కింద కలపడం. బెంగళూరులో ఏ పెద్ద టైర్ల షాపుకెళ్లినా వీల్ బ్యాలెన్సింగ్‌కి కారు రిమ్ముకు అంటించే బరువుల పట్టీలు ఉంటాయి, ఒక్కో గడి 5 గ్రాములో 10 గ్రాములో, వెనక జిగురుతో సహా. అడిగితే ఒకటి రెండు పట్టీలు అమ్ముతారు. వాటిని ముందు ఇరుసు గొట్టం మీద, ముందు వైపుకో పై వైపుకో అంటించండి, అడుగున అంటిస్తే రాళ్లకు గీరుకుని ఊడిపోతాయి. ఆ పట్టీలు సీసంవైతే పైన టేపు చుట్టి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, చిన్నపిల్లలకు అందనివ్వకండి. ఇలా ఒక వారం నడిపి ఎంత బరువు సరిపోతుందో తేలాక, అంత బరువున్న ఇత్తడి నకుల్స్ (ముందు చక్రాలను పట్టుకుని స్టీరింగ్‌తో తిరిగే ముక్కలు), డిఫ్ కవర్ (ఇరుసు మధ్య డిఫరెన్షియల్ మీది మూత) కొనండి. వెనక ఇరుసుకు కూడా ఇత్తడి వేస్తే అందంగా ఉంటుందని వేసేవాళ్లున్నారు, దయచేసి వద్దు, ముందు కలిపిందంతా వెనక తూకంతో చెల్లిపోతుంది. చక్రాల దగ్గర బరువు పెరిగేకొద్దీ సర్వో, మోటార్ ఎక్కువ కష్టపడతాయి, కాబట్టి ఒక్కసారికి 10 గ్రాములు మించి కలపకుండా, కలిపిన ప్రతిసారీ పలక మీద చూసుకోండి.

టైర్లకు వద్దాం. బండితో వచ్చిన టైర్లు సాధారణంగా రిమ్ముకు గమ్ముతో అంటించి ఉంటాయి, వాటిని పీకే శ్రమ పడేకంటే స్క్రూలతో బిగించే బీడ్‌లాక్ రిమ్ములు, మెత్తటి రబ్బరు టైర్లు విడిగా కొనడమే నయం. ఎస్‌సీఎక్స్24కైతే 7 ఎం.ఎం. హెక్స్ (రిమ్ము కూర్చునే ఆరు పలకల ముక్క), 1.0 అంగుళం రిమ్ము. లోపలి ఫోమ్ గట్టిగా ఉంటే కత్తెరతో అంచులు ఏటవాలుగా కత్తిరించండి, వేలితో నొక్కితే టైరు లోపలికి పోయి రాయి ఆకారం పట్టుకోవాలి, బండి బరువుకే పూర్తిగా చప్పబడిపోకూడదు. ముందు టైర్లకు మెత్తగా, వెనక కాస్త గట్టిగా ఉంటే ఎక్కేటప్పుడు వెనక భాగం కుంగదు. రిమ్ముకు చిన్న గాలి రంధ్రం ఉండాలి, లేకపోతే టైరు బెలూన్‌లా నిలబడుతుంది. కొత్త టైర్ల మీద అచ్చు నూనె మెరుపు ఉంటుంది, గిన్నెల సబ్బుతో కడిగితే పోతుంది. ఈ చిన్న పనికే పట్టు బాగా తెలుస్తుంది.

సస్పెన్షన్‌లో పెద్ద పనేమీ లేదు. బండి తన బరువుతో నిలబడినప్పుడు షాక్ సగం దాకా దిగి ఉండాలి, అప్పుడే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి జారి నేలను పట్టుకుంటుంది. షాకులు పూర్తిగా చాచుకుని నిలబడితే స్ప్రింగులు గట్టివని అర్థం, మెత్తటివి వేయండి. బండి ఎత్తు తగ్గితే బరువు కేంద్రం కూడా దిగుతుంది, కానీ మరీ దించితే పొట్ట రాయి మీద ఆనుకుని చక్రాలు ఊరికే తిరుగుతాయి. థ్రాటిల్ నొక్కగానే బాడీ ఒక పక్కకు మెలి తిరుగుతుంటే వెనక స్ప్రింగులు మాత్రం ఒక మెట్టు గట్టివి వేసి చూడండి.

బరువు పెంచాక స్టాక్ సర్వో తిప్పలేక గీ మని మోగుతుంది, చక్రం రాయికి ఆనుకున్నప్పుడు మరీ. ఎక్కువసేపు అలా ఉంచితే పళ్లు అరిగిపోతాయి. మెటల్ గేర్ సర్వో కొనేటప్పుడు మీ బండిలోని, మోటార్ వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ ఇచ్చే వోల్టేజీకి అది సరిపోతుందా చూడండి. ముందు చక్రాలు వెనకవాటికంటే కొన్ని శాతం వేగంగా తిరిగేలా చేసే ఓవర్‌డ్రైవ్ గేర్లు కూడా దొరుకుతాయి, బండిని ముందుకు లాగుతాయి, మలుపు కూడా ఇరుగ్గా తిరుగుతుంది. ఇవి వేయాలంటే ఇరుసు విప్పాలి కాబట్టి మిగతావన్నీ కుదిరాకే.

చిన్న స్క్రూలు, ట్వీజర్లు, కనెక్టర్లు, సోల్డర్ సామాన్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉండనే ఉంది, ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే వెళ్లండి. ఎం2 స్క్రూలకు తల రకాన్నిబట్టి 1.5 లేదా 1.3 ఎం.ఎం. హెక్స్ డ్రైవర్ కావాలి, చవక రకం కొంటే స్క్రూ తల నున్నగా అయిపోతుంది, ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. ఇత్తడిలోకి బిగించే స్క్రూలకు, అవి వదులు కాకుండా పట్టే జిగురు, నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క చాలు. ప్లాస్టిక్‌కు తగలనివ్వకండి, పగుళ్లు వస్తాయి.

నడపడానికి లాల్‌బాగ్ బండ మీదకు మాత్రం తీసుకెళ్లకండి. అది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ శిల, రక్షిత స్మారకం. మన అపార్ట్‌మెంట్ల కాంపౌండ్లో మిగిలిపోయిన గ్రానైట్ ముక్కలు నాలుగు పేర్చుకుంటే చాలు, నిజానికి అదే మేలు, ఎందుకంటే ప్రతిసారీ అదే వాలు, అదే రాయి దొరుకుతుంది, ఏ మార్పు పనిచేసిందో తేలిగ్గా తెలుస్తుంది. వానాకాలంలో పాచి పట్టిన రాయి మీద వచ్చే ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి. రాయి ముందు ఆగి, ముందు చక్రాలు ఆనించి, థ్రాటిల్ వెంట్రుకంత నొక్కండి. చక్రం జారుతుంటే ఇంకా నొక్కొద్దు, వదిలేయండి, డ్రాగ్ బ్రేక్ (థ్రాటిల్ వదలగానే దానంతటదే పడే బ్రేకు) బండిని అక్కడే ఆపుతుంది, స్టీరింగ్ అటూ ఇటూ ఆడించి కొత్త పట్టు వెతకండి. ఆట అయ్యాక 2ఎస్ (రెండు సెల్‌ల) లిపో బ్యాటరీని సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచండి, ఎండలో నిలిపిన కార్లో వదలకండి, ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి.