ఫ్యామిలీతో వీకెండ్ ట్రిప్‌కి వెళ్లి హాఫ్ మారథాన్ పరిగెత్తడం ఎలా?

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల పైచిలుకు పరుగు. ఆ పరుగు రెండున్నర గంటలే, ట్రిప్పు రెండు రోజులు. ఈ సంగతి మర్చిపోయి, బండెక్కిన దగ్గర్నుంచీ “ఇవాళ ఎక్కువ నడవకూడదు, రేపు చీకటితోనే లేవాలి” అంటూ ఒకటే పాట పాడేవాళ్లని ఇంట్లోవాళ్లు రెండోసారి నమ్మరు. ఆ పాట నేనూ పాడాను. అందుకే ఇది ట్రైనింగ్ ప్లాన్ కాదు. ఈపాటికి మీరు కనీసం రెండుసార్లయినా 16 నుంచి 18 కిలోమీటర్లు పరిగెత్తి ఉంటారనే అనుకుంటున్నాను. లేదంటే అదే ఈవెంట్‌లో 10 కిలోమీటర్ల రేసుకి పేరివ్వండి, అందులో నామోషీ ఏమీ లేదు.

1. ఇంట్లో అసలు లెక్క చెప్పండి

“పొద్దున్నే ఓ రెండు గంటలు పరిగెత్తి వచ్చేస్తా” అనడం దగ్గరే గొడవకి బీజం పడుతుంది. పరుగు ఆరింటికి మొదలైతే గదిలోంచి నాలుగూ ముప్పావుకే బయటపడాలి. ఎనిమిదిన్నరకి ముగించి, మెడల్ తీసుకుని, తిరిగి గది చేరేసరికి తొమ్మిదిన్నర. అంటే దాదాపు ఐదు గంటలు పిల్లల పూచీ అంతా ఒక్కరి మీదే. ఆ ఐదు గంటల మాట రేసుకి పేరు ఇవ్వకముందే చెప్పండి. బదులుగా ఆ మధ్యాహ్నం పిల్లల్ని మీరు చూసుకుంటానని ఒప్పుకోండి. ఒప్పుకున్నాక నిద్రొస్తోందని తప్పించుకోకండి.

ఊరి ఎంపిక కూడా ఇక్కడే తేలాలి. మంచి రేసు ఉన్న ఊరు కాదు, రేసు లేకపోయినా ఇంట్లోవాళ్లు సరదాపడి వచ్చే ఊరు చూసుకోండి.

2. గది బుక్ చేసే ముందు రూట్ మ్యాప్ తెరవండి

స్టార్ట్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో గది దొరికితే సగం తలనొప్పి తగ్గినట్టే. పార్కింగ్ వెతుకులాట ఉండదు, ఇంట్లోవాళ్లని చీకట్లో లేపక్కర్లేదు. కానీ చాలామంది చూసుకోని విషయం ఒకటుంది. రేసు కోసం రోడ్లు మూసేస్తారు. మీ హోటల్ ఆ మూసిన రోడ్ల మధ్యలో ఇరుక్కుంటే, చివరి రన్నర్ దాటేదాకా మీ కారు బయటికి రాదు. ఏ రోడ్డు ఎప్పుడు తెరుస్తారో నిర్వాహకులు ముందే ప్రకటిస్తారు, చూసుకోండి.

ఇంకో రెండు ప్రశ్నలు హోటల్‌కి ఫోన్ చేసి అడగాల్సినవి: చెక్-అవుట్ ఒక గంట పొడిగిస్తారా? రేసు రోజు పొద్దున నాలుగింటికి తినడానికి ఏమైనా దొరుకుతుందా? రెండోదానికి జవాబు చాలాచోట్ల ‘లేదు’ అనే వస్తుంది. అందుకని మీ అలవాటు తిండి మీరే తీసుకెళ్లండి.

3. ముందు రోజు కాళ్లని కాపాడుకోండి

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక ట్రిప్పులో రేసు ముందు రోజు సాయంత్రం కొండమీది కోట చూడ్డానికి వెళ్లాం. ఎక్కడం బాగానే ఎక్కాను. దిగేటప్పుడు పిల్లాడు కాళ్లు నొప్పులన్నాడు, భుజాల మీద ఎక్కించుకున్నాను. మెట్టు మెట్టుకీ తొడల ముందు కండరాలు బ్రేకు వేస్తూ ఇద్దరి బరువూ మోశాయి. మర్నాడు పద్నాలుగో కిలోమీటరు దాకా ఏమీ తెలియలేదు. ఆ తర్వాత చిన్న పల్లం వస్తే చాలు, ఎవరో తొడల్లో గుప్పిట బిగించి పట్టుకున్నట్టుండేది. చివరి ఏడు కిలోమీటర్లూ నడకా పరుగూ కలిపి ఈడ్చాను.

ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే కండరాలు ఎక్కువ దెబ్బతింటాయి. కండరం సాగుతూనే బరువు ఆపాల్సి రావడమే కారణం. ఆ నొప్పి మర్నాడో మూడో రోజో పూర్తిగా బయటపడుతుంది. కాబట్టి మెట్లు, కొండలు రేసు తర్వాతి ట్రిప్పుకి వాయిదా వేయండి. ముందు రోజు పడవ షికారు, మ్యూజియం, పిల్లల పార్కు పెట్టుకోండి. మ్యూజియంలో నిలబడి నిలబడి కాళ్లు లాగుతాయి, బెంచీ కనిపిస్తే మొహమాటపడకుండా కూర్చోండి.

బిబ్ (చొక్కాకి గుచ్చుకునే రన్నర్ నంబరు కాగితం) తీసుకోవడానికి అందరినీ క్యూలో నిలబెట్టకండి. గుర్తింపు కార్డు పట్టుకుని మీరొక్కరే వెళ్లి రండి. రాత్రి భోజనం తొందరగా, పిండిపదార్థం ఎక్కువగా, నూనె, కారం, పీచు తక్కువగా ఉండాలి. కొత్త ఊళ్లో కొత్త రుచులు చూడాలనుకుంటే పరుగు అయ్యాక చూద్దురుగాని.

4. రాత్రి బాత్రూమ్‌ని సిద్ధం చేసుకోండి

నలుగురు నిద్రపోయే ఒకే గదిలో నాలుగింటికి లైటు వేసి, కవర్లు గరగరలాడిస్తూ సాక్సులు వెతకడం కంటే పాపం లేదు. పడుకునే ముందే అన్నీ బాత్రూమ్‌లోకి చేర్చేయండి. నాలుగు పిన్నులతో బిబ్ గుచ్చిన చొక్కా తలుపు కొక్కేనికి, దానికింద బూట్లు, ఒక బూటులో సాక్సులు, రెండోదాంట్లో గది తాళం. ఒళ్లు ఒరుసుకోకుండా రాసుకునే వాజిలిన్ డబ్బా సింకు పక్కన. ఫోన్ మోగించకుండా చేతి వాచీలో వైబ్రేషన్ అలారం పెట్టుకుంటే ఎవరూ లేవరు. బూట్లు, సాక్సులు, జెల్ (పరుగులో శక్తి కోసం మింగే చిక్కటి తీపి పదార్థం), అన్నీ ముందే వాడి చూసినవే అయి ఉండాలి.

కొత్త చోట, పక్కన పిల్లలు తన్నుతుంటే ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు. పట్టకపోయినా కంగారు పడక్కర్లేదు. అంతకుముందు రాత్రి ఇంట్లోనే బాగా నిద్రపోయి ఉంటే సరిపోతుంది.

5. ఇంట్లోవాళ్లకి కాగితం రాసివ్వండి

“పదో కిలోమీటరు దగ్గర కనిపిస్తా” అంటే చాలదు. ఎన్నింటికి, రోడ్డుకి ఏ పక్కన, ఏ రంగు చొక్కాలో అన్నది రాయాలి. కిలోమీటరుకి 7 నిమిషాల చొప్పున పరిగెత్తితే 5 కిలోమీటర్లు 35 నిమిషాలకి, 10 కిలోమీటర్లు గంటా పది నిమిషాలకి, 15 కిలోమీటర్లు గంటా ముప్పావుకి వస్తాయి. మొత్తం 21.0975 కిలోమీటర్లు ముగిసేసరికి 2 గంటల 28 నిమిషాలు. ఈ టైములు స్టార్ట్ లైన్ దాటిన క్షణం నుంచే లెక్క. జనం ఎక్కువుంటే రేసు మొదలైనట్టు తుపాకీ పేలాక లైను చేరడానికే పది నిమిషాలు పట్టొచ్చు. మీ బిబ్‌లోని చిప్ ఆ ఆలస్యాన్ని తీసేసి లెక్కగడుతుంది కానీ, రోడ్డు పక్కన చలిలో నిలబడ్డ పిల్లలకి ఆ సౌకర్యం లేదు కదా. ఓ పదిహేను నిమిషాలు అటూ ఇటూ అవుతుందని ముందే చెప్పండి.

చిన్నపిల్లలుంటే దారి మధ్యలోకి రప్పించకండి, ముగింపు దగ్గరికి వస్తే చాలు. అక్కడ కూడా గీత పక్కన కాదు, జనం పలచబడే చోట ఫలానా చెట్టు కిందో, ఫలానా గేటు దగ్గరో అని గుర్తు పెట్టుకోండి. వేలమంది ఒకేచోట ఫోన్లు తీసేసరికి నెట్‌వర్క్ మొరాయిస్తుంది. “లొకేషన్ పంపిస్తా” అనే మాట మీద ఆధారపడొద్దు.

6. పరుగులో

మొదటి మూడు కిలోమీటర్లు అనుకున్న వేగం కంటే కాస్త నెమ్మదిగా వెళ్లండి. గంట దాటిన పరుగుకి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం సరిపోతుంది. జెల్ ఒక్కోదాంట్లో సాధారణంగా 20 నుంచి 25 గ్రాములుంటుంది. దాహానికి తగ్గట్టు నీళ్లు తాగండి. దారిలో నీళ్లిచ్చే ప్రతి బల్ల దగ్గరా కడుపు నిండా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం కూడా జరగొచ్చు. నొప్పి రాకుండా ముందే ఐబుప్రోఫెన్ వేసుకోవడం మానుకోండి. ఒళ్లు ఎండిపోయిన వేళ అది కిడ్నీల మీద భారం వేస్తుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎండలో వణుకు లాంటివి వస్తే అక్కడే ఆగి వైద్య సిబ్బందిని పిలవండి.

7. తిరుగు ప్రయాణం

గీత దాటగానే కూలబడకుండా పది నిమిషాలు నడవండి, తర్వాత పొడి చొక్కా మార్చుకోండి. ఆ రోజు స్టీరింగ్ ఇంకొకరికి అప్పగించడం మంచిది. నాలుగు గంటల నిద్రతో, పట్టేసిన పిక్కలతో బ్రేకు తొక్కడం ఎవరికీ క్షేమం కాదు. నడిపేవాళ్లు మీరొక్కరే అయితే రాత్రి అక్కడే ఉండి మర్నాడు బయల్దేరేలా ముందే సెలవు పెట్టుకోండి. దారిలో గంటకోసారి బండి ఆపి, దిగి నాలుగడుగులు వేయండి. తడిసిన బట్టలు, బూట్లు మాత్రం కవర్లో మూట కట్టి డిక్కీలోనే పెట్టండి. ఒకసారి వెనక సీటు కింద పెట్టి, దారంతా అద్దాలు దించుకుని ప్రయాణం చేయాల్సి వచ్చింది.