కూపర్ బ్లాక్‌కి ఔట్‌లైన్ ఇలా ఇవ్వండి

పోస్టర్‌కి 70ల నాటి లుక్ రావాలంటే కూపర్ బ్లాక్ అనే ఇంగ్లిష్ ఫాంట్ బాగా పనికొస్తుంది. ఆస్వాల్డ్ కూపర్ 1922లో తెచ్చిన ఈ బొద్దు అక్షరాల అందమంతా గుండ్రటి అంచుల్లోనే ఉంది. అన్నీ క్యాపిటల్స్‌లో కొడితే అది పోతుంది, స్మాల్ లెటర్స్‌లోనే పెట్టండి. ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) మైనస్ 10 నుంచి మైనస్ 25 మధ్య, అక్షరాలు తాకీ తాకనట్టుండాలి.

ఎక్కువగా పాడయ్యేది ఔట్‌లైన్ దగ్గరే. అడోబీ ఇలస్ట్రేటర్‌లో అక్షరానికి నేరుగా స్ట్రోక్ (అంచు గీత) ఇస్తే సగం గీత అక్షరం లోపలికి వెళ్తుంది. ఆ మేరకు అక్షరం సన్నబడి ఆకారం చెడిపోతుంది. అందుకే టైటిల్‌ని కాపీ చేసి, వెనక కాపీకి క్రియేట్ ఔట్‌లైన్స్ (అక్షరాలను ఆకారాలుగా మార్చేది), తర్వాత ఆఫ్‌సెట్ పాత్ (ఆ ఆకారాన్ని చుట్టూ పెంచేది) ఇవ్వండి. 150 పాయింట్ల టైటిల్‌కి 5, 6 పాయింట్లు చాలు. అందులో జాయిన్స్ (మూలల తీరు) ‘రౌండ్’లో పెట్టండి, ‘మైటర్’లో వదిలేస్తే మూలలు కోసుగా వచ్చి ఫాంట్ మెత్తదనమే పోతుంది. చివర్లో పాత్‌ఫైండర్ ప్యానెల్‌లో యునైట్ నొక్కితే వెనక కాపీలోని అక్షరాలన్నీ ఒకే ముద్దగా కలుస్తాయి.

నీడకి బ్లర్ అసలు వద్దు. అదే ముద్దను ముదురు గోధుమరంగులో ఇంకో కాపీ తీసి, అన్నిటికంటే వెనక పెట్టి, కుడికి 4, కిందికి 4 పాయింట్లు జరపండి.

కింద తెలుగు లైను ఉంటే లీడింగ్ (లైన్ల మధ్య ఎడం) పెంచండి, వత్తులు ఈ ఔట్‌లైన్‌కి తగులుతాయి.