చెరువు గట్టు మీద తెరుచుకునే యాప్

నెల్లూరు జిల్లాలోని ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల రొయ్యల రైతుల కోసం యాప్ తయారుచేసేవారు ముందుగా గమనించవలసినది, రైతుకు ఇప్పటికే ఉన్న అలవాటును. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ జరగక తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కనుక, ఆ వేళకు రైతు టార్చిలైటు పట్టుకుని గట్టు మీదే ఉంటాడు, యాప్ పంపే సూచన (నోటిఫికేషన్) అప్పుడే, “ఆక్సిజన్ ఎంత ఉంది?” అన్న ఒక్క ప్రశ్నగా చేరాలి. తడి చేతులతో నొక్కగలిగేంత పెద్ద అంకెలతో ఒకే తెర చాలు.

అంకె నమోదుచేసిన వెంటనే ప్రయోజనం కనిపించాలి: నిన్నటి రీడింగుతో పోలిక, ఆక్సిజన్ 4 పీపీఎం (లీటరు నీటిలో 4 మిల్లీగ్రాములు) కంటే తగ్గితే ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయమన్న హెచ్చరిక, ఆనాటి కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధరలు. రోజూ చేరే మేత, చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) వివరాలే పంట చివరికి ఖాతా పుస్తకమవుతాయి. రైతును తిరిగి రప్పించే అసలు బలం అదే. అది అతని కష్టం కనుక, ఆ లెక్కలను ఎప్పుడు కావాలన్నా బయటికి తీసుకునే వీలు తప్పక ఇవ్వాలి.

ఆండ్రాయిడ్ 13 నుండి నోటిఫికేషన్లకు అనుమతి అడగవలసి ఉంటుంది. దానిని యాప్ తెరవగానే కాక, మొదటి రీడింగు నమోదయ్యాక అడగండి. రైతు వరుసగా ఎన్ని రోజులు రీడింగు నమోదుచేశాడో ఆ లెక్క చూపవచ్చు గాని, పంట పట్టి చెరువు ఎండగట్టిన వారాలలో ఆ లెక్కనూ, సూచనలనూ నిలిపి ఉంచాలి.