ఇంగ్లాండ్‌లో ఫ్లాట్ ఉందా? లీజు 80 ఏళ్లకు దిగకముందే పొడిగించుకోవడం ఎలా?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొంటే, అన్‌డివైడెడ్ షేర్ కింద ఇన్ని గజాలని నేలలో కూడా వాటా మన పేరు మీదకు వస్తుంది. ఆ అలవాటుతోనే ఇంగ్లాండ్‌లో ఫ్లాట్ కొన్నప్పుడూ ఇక అది మనదే అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. ఇంగ్లాండ్, వేల్స్‌లో ఫ్లాట్లు దాదాపు అన్నీ లీజ్‌హోల్డ్‌వే. నేల ఫ్రీహోల్డర్‌ది, మనం కొనేది కొన్నేళ్ల హక్కు. ఏటా ఆ హక్కులో ఒక ఏడాది తరిగిపోతుంది.

అయితే దీనికి దారి ఉంది. 1993లో వచ్చిన చట్టం ప్రకారం, మొదట 21 ఏళ్లకు మించి రాసిన లీజు ఉన్నవాళ్లు దాన్ని ఇంకో 90 ఏళ్లు పొడిగించమని అడగవచ్చు. కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే ఫ్రీహోల్డర్ కాదనడానికి లేదు. దానికి తగిన ధర మాత్రం మనం చెల్లించాలి. పొడిగించాక గ్రౌండ్ రెంట్ (నేలకు ఫ్రీహోల్డర్‌కు ఏటా కట్టే అద్దె) ‘పెప్పర్‌కార్న్’ అవుతుంది, అంటే ఒక్క మిరియపు గింజ. కాగితం మీద అలా రాస్తారు గానీ, అసలు అర్థం సున్నా అనే.

మొదటి పని: ఎన్నేళ్లు మిగిలాయో చూడండి

హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో 7 పౌండ్లు కడితే మీ ఫ్లాట్ టైటిల్ రిజిస్టర్ వస్తుంది. అందులో లీజు ఎప్పటి నుంచి, ఎన్నేళ్లకు అన్నది ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. లెక్క మీరు కొన్న రోజు నుంచి మొదలవదు, లీజులో రాసిన ప్రారంభ తేదీ నుంచి మొదలవుతుంది. 1982లో కౌన్సిల్ దగ్గర రైట్ టు బై (కౌన్సిల్ ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఆ ఇంటినే కొనుక్కునే పథకం) కింద ఎవరో 125 ఏళ్లకు కొన్న ఫ్లాట్ ఈరోజు మీ చేతికి వచ్చి ఉండొచ్చు. అది 2107లో ముగుస్తుంది. అంటే 2027లోనే 80 ఏళ్లకు వచ్చేస్తుంది. మా ఫ్లాట్ కాగితాలు నేను కొన్న ఆరేళ్లకు గానీ సరిగ్గా చదవలేదు. చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ 80 దగ్గర ఎందుకంత టెన్షన్?

లీజు పొడిగిస్తే ఫ్లాట్ విలువ పెరుగుతుంది. ఆ పెరిగిన విలువను మారేజ్ వాల్యూ అంటారు. పొడిగించమని ఫ్రీహోల్డర్‌కు నోటీసు ఇచ్చిన రోజుకు 80 ఏళ్ల కంటే ఎక్కువ మిగిలి ఉంటే ఇది లెక్కలోకి రాదు. అంతకు తగ్గితే అందులో సగం ఫ్రీహోల్డర్‌కు ఇవ్వాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పొడిగించాక ఫ్లాట్ విలువ 3 లక్షల పౌండ్లు, గ్రౌండ్ రెంట్ ఏడాదికి 200 పౌండ్లు అనుకోండి. 81 ఏళ్లు మిగిలి ఉండగా నోటీసు ఇస్తే, మామూలుగా వాడే 5 శాతం డిఫర్‌మెంట్ రేటుతో (లీజు ముగిశాక ఫ్రీహోల్డర్‌కు దక్కే ఫ్లాట్ విలువను ఈరోజు విలువకు తగ్గించి చూసే రేటు), గ్రౌండ్ రెంట్‌కు 6 శాతం వేసుకుని చూస్తే ప్రీమియం, అంటే పొడిగింపుకు మనం కట్టాల్సిన ధర, సుమారు 9,000 పౌండ్లు వస్తుంది. అదే ఫ్లాట్‌కు 75 ఏళ్లే ఉంటే, పొడిగించకముందు దాని విలువ 2,79,000 అనుకుంటే, మారేజ్ వాల్యూలో సగం కూడా కలిసి సుమారు 16,000 అవుతుంది. ఆరేళ్ల ఆలస్యానికి ఏడు వేల పౌండ్లు! పైగా లీజు బాగా చిన్నదైతే కొనేవాళ్లకు మార్ట్‌గేజ్ దొరకడం కష్టమవుతుంది, అమ్మబోతే ధర తగ్గుతుంది.

‘కొత్త చట్టం వస్తోంది కదా, ఆగుదాం’ అనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. 2024 చట్టంలో 990 ఏళ్ల పొడిగింపు, మారేజ్ వాల్యూ రద్దు ఉన్న మాట నిజమే. కానీ ఇది రాసే నాటికి ఆ రెండూ అమల్లోకి రాలేదు. అమల్లోకి వచ్చినదేమిటంటే, ఫ్లాట్ కొని రెండేళ్లు ఆగాలన్న నిబంధన 2025 జనవరి 31 నుంచి పోయింది. కొన్న వెంటనే నోటీసు ఇవ్వొచ్చు. నా అభిప్రాయం చెబుతాను: 81, 82 ఏళ్లు మిగిలినవాళ్లు ఆగొద్దు. 95 ఉన్నవాళ్లు నిదానంగా చూడొచ్చు. ఇప్పటికే 80 దాటి కిందికి వచ్చేసి, ఇప్పట్లో అమ్మే ఆలోచన లేనివాళ్లు మాత్రం ఆగడమా కొనసాగడమా అని సొలిసిటర్‌తో కూర్చుని లెక్క వేసుకోవాలి.

ఇద్దరు మనుషులు కావాలి

ఒకరు లీజు పొడిగింపుల్లో అనుభవమున్న సొలిసిటర్, ఇంకొకరు ప్రీమియం లెక్కకట్టే సర్వేయర్. ఇల్లు కొన్నప్పుడు చవగ్గా పని చేసిపెట్టిన సొలిసిటరే దీనికీ సరిపోతాడనుకోవద్దు. ఇది వేరే పని. ఆలెప్ అనే సంఘంలో ఈ పనే చేసే సొలిసిటర్లు, సర్వేయర్లు సభ్యులుగా ఉంటారు. లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఉచితంగా సలహా ఇస్తుంది, ముందు అక్కడ అడిగి చూడండి. డబ్బు లెక్క వేసుకునేటప్పుడు ఫ్రీహోల్డర్ సొలిసిటర్‌కు, సర్వేయర్‌కు అయ్యే సహేతుకమైన ఖర్చు కూడా మనమే భరించాలని గుర్తుంచుకోండి.

ఫ్రీహోల్డర్ నుంచి ఉత్తరం వస్తే

‘చట్టం దాకా ఎందుకు, మనమే మాట్లాడుకుందాం’ అని ఫ్రీహోల్డర్ తరఫున ఉత్తరం రావచ్చు. ఒక్కోసారి ధర నిజంగానే బాగుంటుంది, పని త్వరగా అవుతుంది. కానీ సంతకం పెట్టేముందు మూడు సంగతులు చూడండి. కొత్తగా ఇచ్చేది 90 ఏళ్లా, లేక మొత్తం కలిపి 99కో 125కో సర్దుతున్నారా? పాత గడువు ముగిసేదాకా గ్రౌండ్ రెంట్ కట్టమంటున్నారా? లీజులో వేరే షరతులేమైనా కొత్తగా చేరుస్తున్నారా? ఇంకో ప్రమాదం ఏమిటంటే, ఇలా మాట్లాడుకుంటున్నంత కాలం గడియారం ఆగదు. 80కి దగ్గర్లో ఉన్నవాళ్లు ముందు నోటీసు ఇచ్చి, ఆ తర్వాత మాట్లాడుకోవడం మేలు.

సెక్షన్ 42 నోటీసు

1993 చట్టంలోని 42వ సెక్షన్ కింద పొడిగింపు అడిగే నోటీసు ఇదే. దీన్ని సొలిసిటర్ తయారు చేస్తారు. అందులో మనం ఇవ్వదలచుకున్న ధర రాయాలి. బేరానికి వీలుగా కొంచెం తగ్గించి రాయొచ్చు గానీ, మరీ నమ్మశక్యం కానంత తక్కువ వేస్తే నోటీసే చెల్లదనే వాదన వస్తుంది. నోటీసు ఇచ్చిన రోజుకే విలువ లెక్క ఖరారవుతుంది, ఆ తర్వాత బేరం ఎంత సాగినా 80 గీత భయం ఉండదు. ల్యాండ్ రిజిస్ట్రీలో ఈ నోటీసును నమోదు చేయించమని సొలిసిటర్‌కు చెప్పండి. ఫ్రీహోల్డర్ డిపాజిట్ అడగొచ్చు: మనం రాసిన ధరలో 10 శాతం లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది.

జవాబు చెప్పడానికి ఫ్రీహోల్డర్‌కు కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలి. ఆ జవాబును కౌంటర్ నోటీసు అంటారు. ధర ఎక్కువ చెబుతారు, కంగారు పడొద్దు, బేరం అక్కడే మొదలవుతుంది. ఇద్దరి సర్వేయర్లు మాట్లాడుకున్నాక చాలా వరకు మధ్యలో ఎక్కడో తేలుతుంది. తేలకపోతే ఇలాంటి తగాదాలు తేల్చే ఫస్ట్ టయర్ ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. కౌంటర్ నోటీసు వచ్చాక రెండు నెలలు నిండకముందు దరఖాస్తు చేయకూడదు, ఆరు నెలలు దాటనివ్వకూడదు. ఈ ఆరు నెలల తేదీ మీ ఫోన్‌లో కూడా పెట్టుకోండి, సొలిసిటర్ మీదే వదిలేయకండి. దాటితే నోటీసు రద్దయినట్టే, పెట్టిన ఖర్చు పోతుంది. గడువులోగా ఫ్రీహోల్డర్ అసలు జవాబే ఇవ్వకపోతే కౌంటీ కోర్టుకు వెళ్లి, మనం రాసిన ధరకే పొడిగింపు అడగొచ్చు. దానికీ ఆరు నెలలే గడువు.

ధర కుదిరాక

డబ్బు కట్టి కొత్త లీజు మీద సంతకాలు చేస్తారు. మార్ట్‌గేజ్ ఉంటే బ్యాంకుకు ముందే చెప్పి ఉంచండి. ప్రీమియం కోసం అదనంగా అప్పు కావాలన్నా అప్పుడే అడగాలి. ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదయ్యాక కొత్త టైటిల్, కొత్త లీజు రెండూ తెప్పించుకుని మీరే చదవండి. పాత ముగింపు తేదీకి 90 కలిసిందా, గ్రౌండ్ రెంట్ దగ్గర మిరియపు గింజే ఉందా, మీ పేరు అక్షరాలు సరిగ్గా పడ్డాయా చూడండి. తప్పు కనిపిస్తే సొలిసిటర్ ఫైలు మూసేయకముందే చెప్పి సరిచేయించండి.